రెండు సరిహద్దులు, ఒకే సంఘం: రాయగడ నుంచి బ్రెక్లుమ్‌కు

శనివారం, రాయగడ

తెల్లవారుజామునే మా క్రైస్తవ గుడి దగ్గర కలిశాం. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. స్త్రీల సమాజంవారు దారికి పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చారు. మేము వెళ్తున్నది జర్మనీ ఉత్తర కొసన, డెన్మార్క్ సరిహద్దుకు చేరువలో ఉన్న బ్రెక్లుమ్ అనే పల్లెకు. ఒడిశా కొండల్లోనూ, కింద సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి వైపునా ఉన్న మా జయపురం ఇవాంజెలికల్ లూథరన్ సంఘానికి విత్తనం పడింది అక్కడి నుంచే. ఆ ప్రాంతపు సంఘం ఒకదానితో మాకు స్నేహ సంబంధం ఉంది. వాళ్లు మన దగ్గరికి వచ్చి వెళ్లారు, ఇప్పుడు మా వంతు.

బృందంలో అన్ని మాటలవాళ్లమూ ఉన్నాం. రాయగడ, గుణుపురం నుంచి మాలాంటి తెలుగువాళ్లు, కొరాపుట్ నుంచి ఒడియావాళ్లు, ఇంట్లో కోంధుల భాష కువి మాట్లాడుకునే నర్సు ఒకామె. పార్వతీపురంలో అక్కడి అయ్యగారు రైలెక్కి మాతో కలిశారు. కూనేరు దగ్గర రైలు ఆంధ్రలోకి ప్రవేశిస్తుంది. కొండలు అవే, పొలాలు అవే. స్టేషను బోర్డు మీద అక్షరాలు మారితేనే రాష్ట్రం మారిందని తెలుస్తుంది.

నేను రాయగడలో సండే స్కూలు చెబుతాను. ఒక దిగులును వెంటబెట్టుకొని బయలుదేరాను. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గుడిలో తెలుగు కీర్తనలు పాడతారు, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. ఉన్న రాష్ట్రపు భాష రావాల్సిందే, అందులో నాకు రెండో ఆలోచన లేదు. అయితే పదేళ్ల పిల్లవాడి చేతికి తెలుగు బైబిలు ఇస్తే చదవలేకపోతున్నాడు. కీర్తన చరణాలను ఒడియా అక్షరాల్లో రాసుకొని పాడుతున్నాడు. గొంతు ఖంగుమంటుంది, పుస్తకం మాత్రం మూసే ఉంటుంది. ఈ పిల్లలే పెద్దలైన నాడు తెలుగు ఆరాధనలో వాక్యం చదివేది ఎవరు? మేము వెళ్లేదీ సరిహద్దు ప్రాంతమే. అక్కడివాళ్లు ఈ సంగతి ఎలా చక్కబెట్టుకున్నారో కళ్లారా చూడాలనుకున్నాను.

సోమవారం, హాంబర్గ్

విశాఖ, హైదరాబాదు, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వచ్చి పడ్డాం. ప్రయాణ బడలికలో ఆదివారం ఎటు పోయిందో తెలియలేదు. ఉత్తర జర్మనీలోని మూడు ప్రాంతీయ సంఘాలు 2012లో ఏకమై ఒకే లూథరన్ సంఘమయ్యాయి. దాని మిషన్ కేంద్రం ఈ నగరంలోనే ఉంది. మాకు స్వాగతం చెప్పినవాళ్లు టీ ఇచ్చి, కార్యక్రమం చదివి, ముందు పడుకోండి అన్నారు. సాయంత్రం సెయింట్ మైకేలిస్ దేవాలయం చూశాం. గోపురం 132 మీటర్ల ఎత్తు. ఎల్బే నది మీద వచ్చే ఓడలకు అదే గుర్తట. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా కిటికీలో ఎండ ఉంది. గుణుపురం పెద్దమ్మ కొంగు కళ్లకు కట్టుకొని నిద్రపోయింది.

మంగళవారం, బ్రెక్లుమ్

హాంబర్గ్‌లోని ఆల్టొనా స్టేషను నుంచి సముద్రం వెంబడి ఉత్తరానికి రైలు. దారిలో కీల్ కాలువను ఎత్తైన ఇనుప వంతెన మీద దాటుతుంది. 1895లో తెరిచిన ఆ కాలువలో పెద్ద ఓడ ఒకటి మా కాళ్ల కింద నుంచి వెళ్లింది. అది దాటాక నేలంతా బల్లపరుపు. కొండ అన్నది లేదు. దేవమాలి, నియమగిరి కొండలు చూస్తూ పెరిగిన కళ్లకు ఎక్కడ ఆగాలో తెలియని చోటు. ఆవులు, గాలిమరలు, మళ్లీ ఆవులు. హూజుమ్ దాటి బ్రెట్‌ష్టెట్‌లో దిగాం. స్టేషను బోర్డు మీద ఊరి పేరు రెండు భాషల్లో ఉంది, జర్మన్‌లో ఒకటి, ఈ తీరపు సొంత భాష ఫ్రిసియన్‌లో ఒకటి. నేను ఆ బోర్డు ముందే కాసేపు నిలబడిపోయాను.

బ్రెక్లుమ్ చిన్న ఊరు. ఎర్ర ఇటుక గుడి, చుట్టూ సమాధులు, ఒక పెద్ద వీధి. ఇక్కడి పాస్టరు క్రిస్టియన్ యెన్సెన్ 1876లో ఈ పల్లెలో మిషన్ సొసైటీని స్థాపించాడు. రాజులు ఇచ్చిన డబ్బుతో కాదు, రైతులు ఇచ్చిన కానుకలతో. వెనక సముద్రం, ముందు బురద నేల, మధ్యలో పశువులను నమ్ముకొని బతికిన మనుషులు వాళ్లు. ఇక్కడ తర్ఫీదు పొందిన ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ 1882లో మన దేశానికి వచ్చారు. రాజమండ్రిలో పని చేస్తున్న ష్మిట్ అనే లూథరన్ మిషనరీ ఈ ప్రాంతంవాడే. జయపురం సంస్థానం వైపు చూడమని చెప్పినవాడు ఆయనే. పోల్ సాలూరులో, బోత్‌మన్ కొరాపుట్‌లో పని మొదలుపెట్టారు. ఒకరిది ఘాట్, అంటే కొండ కనుమ, దిగువ, ఒకరిది ఎగువ. తెలుగు, ఒడియా రెండూ మొదటి నుంచీ ఈ సంఘానికి సొంత భాషలయ్యాయి. తరువాత వచ్చినవాళ్లలో ఎందరో మన కొండ జ్వరాలకు ప్రాణాలు వదిలారు.

యెన్సెన్ పేరు పెట్టిన శిక్షణ కేంద్రంలో మధ్యాహ్నం మమ్మల్ని కూర్చోబెట్టి ఆ చరిత్ర చెప్పారు. చెబుతున్న ఆయనకు మా ఊళ్ల పేర్లు నోటికి వచ్చు. సాలూరు, కొరాపుట్, నవరంగపురం, గుణుపురం, పార్వతీపురం అని వరుసగా పలికాడు. ఇంత దూరంలో, తెలుగు ముక్క రాని మనిషి నోట మన ఊరి పేరు వినడం మాటల్లో పెట్టలేని సంతోషం. పార్వతీపురం అయ్యగారు లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

రాత్రి బస ఇళ్లల్లో. నన్నూ పెద్దమ్మనూ ఒక రైతు దంపతులు తీసుకెళ్లారు. ఆరు గంటలకే భోజనం: రొట్టె, వెన్న, జున్ను, చల్లని మాంసం ముక్కలు. పొయ్యి వెలిగించే పనే లేదు. పెద్దమ్మ మొహం చూసి ఆ ఇల్లాలు గబగబా అన్నం వండింది. మేము ఆవకాయ తీశాం. ఆ ఇంటి ముసలమ్మ, అంటే రైతు తల్లి, ఫ్రిసియన్ మాట్లాడే మనిషి. ఆ భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడు పది వేలకు లోపే. కొడుకు వింటే అర్థం చేసుకుంటాడు, మనవలకు అదీ లేదు. ఫ్రిసియన్‌లో ప్రార్థన చేస్తారా అని అడిగాను. లేదంది. గుడిలో ఒకప్పుడు దిగువ జర్మన్, తరువాత ప్రామాణిక జర్మన్. బడిలోనూ జర్మనే. ఫ్రిసియన్ వంటింటికీ పొలానికీ పరిమితమైంది. ఆమె మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

బుధవారం, సముద్రపు గట్టు

ఊరికి కొంత దూరంలో సముద్రపు గట్టు ఉంది. రెండంతస్తుల మేడంత ఎత్తు, నిండా పచ్చగడ్డి, గడ్డి నిండా గొర్రెలు. గొర్రెల డెక్కలే మట్టిని గట్టిపరుస్తాయట. గట్టు ఎక్కి చూస్తే నీళ్లు లేవు! పోటు తగ్గిన వేళ. కనుచూపు మేర మెరిసే ఒండ్రు నేల. ఆరు గంటలు పోతే అదంతా సముద్రం. ఈ తీరాన్ని యునెస్కో 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సన్నని దారి వెంట హాంబుర్గర్ హాలిగ్ అనే చోటికి నడిచాం. హాలిగ్‌లు అంటే గట్టు రక్షణ లేని లోతట్టు నేలలు. ఇళ్లను మట్టి దిబ్బల మీద కట్టుకుంటారు. చలికాలపు తుపానుల్లో చుట్టూ నేలంతా మునిగిపోయి దిబ్బ ఒక్కటే మిగులుతుంది. 1362లో ఒకసారి, 1634లో ఒకసారి వచ్చిన ఉప్పెనలు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టాయి. రెండోసారి ష్ట్రాండ్ అనే దీవి ముక్కలైపోయింది. వంశధార వరద చూసిన పెద్దమ్మ అంతా విని, “ఇన్ని పోగొట్టుకున్నవాళ్లా మనకు పంపింది!” అంది. గాలి ఎంత జోరుగా ఉందంటే ఆ మాట ఆమె రెండుసార్లు అనాల్సి వచ్చింది.

గురువారం, ఫ్లెన్స్‌బర్గ్

ఈ రోజు కోసమే నేను ఎదురుచూశాను.

ఫ్లెన్స్‌బర్గ్ జర్మనీ పట్టణం. దాన్ని ఆనుకొనే డెన్మార్క్. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ ప్రాంతం ఎటు పోవాలో ప్రజలనే అడిగారు. 1920 ఫిబ్రవరిలో ఉత్తర భాగంలో ఓటు పెడితే నలుగురిలో ముగ్గురు డెన్మార్క్ అన్నారు. మార్చిలో ఫ్లెన్స్‌బర్గ్ ఉన్న దక్షిణ భాగంలో పెడితే 80 శాతం జర్మనీ అన్నారు. గీత గీశారు. అటు జర్మన్ మాట్లాడేవాళ్లు, ఇటు డేనిష్ మాట్లాడేవాళ్లు మిగిలిపోయారు.

ఇది చెబుతుంటే మా బృందంలో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు జయపురం సంస్థానాన్ని విశాఖపట్నం జిల్లా నుంచి తీసి కొత్త రాష్ట్రంలో కలిపారు. రాయగడ, గుణుపురం అటు పోయాయి. సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి మద్రాసులో ఉండిపోయాయి. మమ్మల్ని ఎవరూ ఓటు అడగలేదు. కానీ 1928లోనే రూపుకట్టుకున్న మా సంఘం ఆ గీత దగ్గర తెగలేదు. ఇవాళ్టికీ ఘాట్ ఎగువ, దిగువ కలిసి ఒకే సంఘం, ఒకే బిషప్పు. ఈ మాట పార్వతీపురం అయ్యగారు చెప్పినప్పుడు అక్కడివాళ్లు నోట్‌బుక్కులు తీసి రాసుకున్నారు.

ఫ్లెన్స్‌బర్గ్‌లో పరిశుద్ధాత్మ దేవాలయం డేనిష్ సంఘానిది. అక్కడ 16వ శతాబ్దం నుంచీ డేనిష్‌లో ఆరాధన జరుగుతోంది. నాలుగడుగులు వేస్తే జర్మన్ లూథరన్ దేవాలయం. రెండూ లూథరన్లే, గంటలు రెండింటివీ వినిపిస్తాయి. పట్టణంలో డేనిష్ బడులు, గ్రంథాలయం, పత్రిక ఉన్నాయి. 1955లో పశ్చిమ జర్మనీ, డెన్మార్క్ ప్రభుత్వాలు తమ దగ్గర మిగిలిన అల్పసంఖ్యాకుల గురించి బాన్, కోపెన్‌హాగెన్‌లలో చెరొక ప్రకటన చేశాయి. వాటిలో నాకు చాలా నచ్చిన ముక్క ఒకటుంది. తాను ఈ అల్పసంఖ్యాక సమాజానికి చెందినవాణ్ణని మనిషి చెప్పుకుంటే చాలు, ఏ అధికారీ దాన్ని కాదనకూడదు, రుజువు చూపమనకూడదు. మాతృభాష గడి నింపేటప్పుడు మా పిల్లల తండ్రులు ఎంత తటపటాయిస్తారో నాకు తెలుసు. అందుకే ఆ వాక్యాన్ని అనువదించేవారితో మళ్లీ చెప్పించుకున్నాను.

కాఫీ దగ్గర ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. డేనిష్ బడిలో ఉపాధ్యాయురాలిగా చేసి విశ్రాంతి తీసుకుంటోంది. మాది రాయగడ అనగానే, బిషమ్‌కటక్ మీకు ఎంత దూరం అని అడిగింది. డేనిష్ మిషన్‌వాళ్లు జయపురం సంస్థానపు తూర్పు భాగంలో పని చేశారు. 1954లో బిషమ్‌కటక్‌లో క్రైస్తవ ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ డెన్మార్క్ మనిషి. మా నర్సు పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. ఈ మాట విని ఆవిడ లేచి వెళ్లి నర్సును దగ్గరికి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

తరువాత నా దిగులు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. వరుసగా ప్రశ్నలు వేసింది. పిల్లలు వారానికి ఎన్ని గంటలు గుడిలో ఉంటారు? ఆ గంటల్లో ఎంతసేపు పాట, ఎంతసేపు చదువు? ఆదివారం వాక్యం చదివేది పెద్దలా, పిల్లలా? పిల్లలను సంఘ సభ్యత్వానికి సిద్ధం చేసే కన్ఫర్మేషన్ తరగతుల్లో పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం కంఠస్థం చెప్పిస్తారా, పుస్తకం చూసి చదివిస్తారా? ఒక్కో ప్రశ్నకూ నాకు నేనే జవాబు విన్నాను. మా గుడిలో తెలుగు చెవికీ నోటికీ అందుతోంది, కంటికి అందడం లేదు. ఆవిడ అంది: మేము కూడా సంఖ్యలో తక్కువే. మా పిల్లలు వీధిలో జర్మనే మాట్లాడుకుంటారు, మాట్లాడుకోనివ్వండి. కానీ ఏడేళ్ల పిల్లకు కూడా ఆరాధనలో చదవడానికి రెండు వాక్యాలు ఇస్తాం. అందరి ముందు చదవాలంటే ఇంట్లో పదిసార్లు చదువుకొస్తుంది.

ఫ్రిసియన్ ముసలమ్మ గుర్తుకొచ్చింది. ఆ భాషకు గుడీ దొరకలేదు, బడీ దొరకలేదు. డేనిష్‌కు రెండూ దొరికాయి. మాకు బడి లేదు, గుడి ఉంది. ఉన్న ఆ ఒక్కదాన్నైనా పూర్తిగా వాడుకోవాలి కదా.

శుక్రవారం, ష్లెస్‌విగ్

ప్రధాన దేవాలయంలో హాన్స్ బ్రూగెమన్ చెక్కిన బలిపీఠపు తెర చూశాం. ఓక్ కర్ర, పన్నెండున్నర మీటర్ల ఎత్తు, 400కు దగ్గరగా బొమ్మలు, 1521లో పూర్తయింది. రంగు వేయలేదు, కర్ర రంగే. సిలువ మోస్తున్న ప్రభువు చుట్టూ ఉన్న జనంలో ఒక్కో మొహం ఒక్కో తీరు. కొరాపుట్ ఒడియా అన్నయ్య వడ్రంగి. మేమంతా బయటికి వచ్చినా ఆయన రాలేదు.

శనివారం, సంఘ పెద్దలతో

పొద్దున రెండు సంఘాల పెద్దల కూటమి. జర్మనీలో సంఘ సభ్యుడు కట్టే ఆదాయపు పన్ను మీద మరో తొమ్మిది శాతం సంఘం కోసం ప్రభుత్వమే వసూలు చేసి ఇస్తుంది, ఈ రాష్ట్రంలో లెక్క అది. వద్దనుకున్నవాళ్లు సభ్యత్వం వదులుకుంటారు. ఏటా చాలామంది వదులుకుంటున్నారని పాస్టరు గారు దాచకుండా చెప్పారు. ఆవిడ ఒక్కరే నాలుగు పల్లెల గుడులు చూసుకుంటోంది. మా పద్ధతి ఏమిటని అడిగారు. పెద్దమ్మ పిడికెడు బియ్యం సంగతి చెప్పింది. అన్నానికి ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం, ఆదివారం గుడికి తెస్తాం, వేలం వేసి వచ్చింది సంఘానికి ఇస్తాం. లేనివాళ్లు? లేనివాళ్లే ఎక్కువసార్లు వేస్తారమ్మా, అంది పెద్దమ్మ.

ఆ తరువాత వాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగారు: మీకు ఏమి కావాలి? పైకప్పులు, ఆసుపత్రి పరికరాలు, హాస్టలు పిల్లల ఖర్చులు, ఇవన్నీ ఇంతకు ముందు అడిగినవే, వాళ్లు సాయం చేసినవే. ఈసారి పార్వతీపురం అయ్యగారు, మీకు ఏమి కావాలో ముందు చెప్పండి అన్నారు. గది నిశ్శబ్దమైంది. పాస్టరు గారు కాసేపటికి, మా కోసం పేరుపేరునా ప్రార్థన చేసేవాళ్లు కావాలి అంది. పెద్దమ్మ అప్పటికప్పుడు సంచిలోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ల పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాను.

ఆదివారం, ఆరాధన

గుడిలో సగం బల్లలు ఖాళీ. ఉన్నవాళ్లలో తల నెరిసినవాళ్లే ఎక్కువ. అయినా ఆరాధన మొదలవగానే మాకు పరాయితనం పోయింది. పాపపు ఒప్పుకోలు, కరుణించుమనే ప్రార్థన, వాక్య పఠనాలు, విశ్వాస ప్రమాణం, అన్నీ మా గుడిలో వచ్చే వరుసలోనే వచ్చాయి. భాష తెలియకపోయినా ఎక్కడ లేవాలో, ఎక్కడ కూర్చోవాలో మాకు తెలుసు. చెప్పులతో గుడిలోకి వెళ్లడం ఒక్కటే మాకు మనసొప్పలేదు. మేము గుమ్మం దగ్గరే విడిచాం. అది చూసి రైతు ఇల్లాలు కూడా విడిచింది.

పెద్దమ్మ బలిపీఠానికి కప్పడానికి కోట్‌పాడ్ బట్ట తెచ్చింది. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరుతో నూలుకు రంగు వేస్తారు. పేడ, బూడిద, ఆముదం పట్టించి రోజుల తరబడి నానబెట్టి ఆరబెడితేగాని రంగు నిలవదు. ఆ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెల్లని నేల, ముదురు ఎరుపు అంచు, అంచులో చేపలు, పీతలు, ఒక వరుస గొడ్డళ్లు. కొత్త బట్టలో ఆముదం వాసన ఇంకా పోలేదు. పాస్టరు గారు దాన్ని పరిచి అంచును వేలితో తడిమి, చేపల దగ్గర ఆగింది. సముద్రం పక్క మనుషులకు చేప గురించి వేరే చెప్పక్కర్లేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థన ఎవరి భాషలో వారు చెప్పాలన్నారు. జర్మన్, తెలుగు, ఒడియా, కువి, ఫ్లెన్స్‌బర్గ్ నుంచి వచ్చిన ఉపాధ్యాయురాలి డేనిష్. మా బస ఇంటి ముసలమ్మ కూడా నిలబడి పెదవులు కదిపింది. అది ఫ్రిసియన్ అని ఆమె కొడుకు తరువాత చెప్పాడు. అమ్మ గుడిలో అలా చెప్పడం తానెన్నడూ వినలేదన్నాడు.

భోజనాల దగ్గర పని మాట్లాడుకున్నాం. నెలకొకసారి మా పిల్లలు ఒక కీర్తన భాగాన్ని తెలుగులో చదివి ఫోనులో పంపుతారు. అదే భాగాన్ని ఫ్లెన్స్‌బర్గ్ పిల్లలు డేనిష్‌లో, ఇక్కడివాళ్లు జర్మన్‌లో చదివి పంపుతారు. పాడడం కాదు, చదవడం. నాట్లు అయిపోయాక, ఆగస్టులో మొదలుపెట్టాలని పెద్దమ్మ షరతు. తెలుగు మొదటి వాచకాలు పార్వతీపురంలో కొని రైల్లో పంపిస్తానని అయ్యగారు మాట ఇచ్చారు. మాకు ఒడియాలోనూ కావాలని కొరాపుట్ అన్నయ్య, కువి మాటలను ఒడియా అక్షరాల్లో రాసి తెస్తానని నర్సు అన్నారు. శనివారం సాయంత్రాలు మా గుడి వరండా ఖాళీగానే ఉంటుంది. ముందు అయిదో తరగతి పిల్లలతో మొదలుపెడతాను.